పాత ఫ్యామిలీ ఫోటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్: యాడ మొదలుపెట్టాల?

స్వర్ణముఖి, తిరుపతి

అందరికీ నమస్తే. అమ్మానాన్నల షష్టిపూర్తికి పాత ఫోటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్ చేసి ప్రింట్ వేయించాలని ఉంది. స్టూడియోలో చేసే పెళ్లి ఆల్బమ్ లాంటిది కాదు. పేజీకి రెండు మూడు ఫోటోలు, పక్కన ఎవరెవరు, యాడ తీసింది, అప్పటి శుభలేఖో టికెట్టో అంటించినట్టు ఉండాల. 12×12 అంగుళాల సైజు, 20 పేజీలు అనుకుంటా ఉండాను.

చేతిలో ఉండేవి: జిగురు షీట్ల ఆల్బమ్‌లు రెండు, స్వీట్ బాక్స్ నిండా విడి ఫోటోలు, గోడ మీద ఫ్రేములు, కొన్ని నెగటివ్‌లు, చిన్నాయన వాళ్లు వాట్సాప్‌లో పంపినవి. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది, ఇంట్లో ఆల్ ఇన్ వన్ ప్రింటర్ ఉంది. ఫోటోషాప్ కొనే ఉద్దేశం లేదు. స్కానింగ్ ఎంతలో పెట్టాల, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాల, తెలుగులో రాయడం ఎట్ట, ల్యాబ్‌కి ఏ ఫైల్ ఇవ్వాల? తెలిసినవాళ్లు చెప్పండి.

మామిడితోట, చిత్తూరు

స్వర్ణముఖి గారూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఫోటోలు ఏరండి. 20 పేజీలకి 50, 60 ఫోటోలకు మించి పట్టవు. బాక్సులో ఉన్నవన్నీ స్కాన్ చేద్దామని కూర్చుంటే స్కానింగ్ దగ్గరే విసుగొచ్చి ఆగిపోతారు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని ఏరండి, ఏరేటప్పుడే పేర్లు రాసేసుకోండి. ఫోటో వెనక బాల్‌పెన్‌తో మాత్రం రాయొద్దు. నొక్కు ముందువైపు తేలుతుంది, సిరా కింద ఉన్న ఫోటోకి అంటుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున ఒక నంబర్ వేసి, వివరం నోట్‌బుక్‌లో రాయండి.

4×6 ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, ప్రింటు 300 డీపీఐలో వేస్తారు కాబట్టి పేజీలో 8×12 అంగుళాల దాకా పెంచుకోవచ్చు. పాస్‌పోర్ట్ సైజువి, చిన్న బ్లాక్ అండ్ వైట్‌వి అయితే 1200. అంతకు మించి పెంచితే ఫైలు బరువు పెరుగుతుందే గానీ, కాగితం మీద లేని వివరం ఎక్కడి నుంచో రాదు.

స్కానర్ ఏ4 అద్దం మీద 4×6 ఫోటోలు నాలుగు పట్టవు. పైన రెండు నిలువుగా, కింద ఒకటి అడ్డంగా, మొత్తం మూడే. పాత 3.5×5 సైజువి అయితే నాలుగు పడతాయి. మొత్తం అద్దాన్ని 600లో ఒకేసారి స్కాన్ చేసి తర్వాత విడదీసుకోవచ్చు. ఆ ఫైలు టిఫ్‌లో (నాణ్యత తగ్గించకుండా దాచే ఫార్మాట్) సుమారు 104 ఎంబీ వస్తుంది, కంగారు పడొద్దు. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్, జేపెగ్ తప్ప ఇవ్వకపోతే న్యాప్స్2 అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి, టిఫ్, పీఎన్‌జీ రెండూ ఇస్తుంది.

షార్పెన్, ఆటో ఎన్‌హాన్స్, డస్ట్ రిమూవల్ అన్నీ ఆపేయండి. డస్ట్ రిమూవల్ ఒక్కోసారి ముక్కుపుడకను, బొట్టును కూడా దుమ్మనుకుని తుడిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయాలి. పసుపు మరక ఒక రంగు చానల్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఒకటి) గట్టిగా, ఇంకోదాంట్లో పల్చగా కనిపిస్తుంది కాబట్టి తర్వాత తీసేయడం తేలిక. అద్దం తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. స్ప్రే నేరుగా అద్దం మీద కొడితే అంచుల్లోంచి లోపలికి దిగి అడుగువైపు మరక కడుతుంది, అది ఇక పోదు.

ఇంటి ప్రింటర్లలో ఉండే సెన్సర్ అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది. వంగిపోయిన ఫోటో మధ్యలో ఒక్క మిల్లీమీటరు లేచినా అక్కడ మసక వస్తుంది. అలాంటివి రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద కొన్ని రోజులు ఉంచండి. మూత మీద చేత్తో నొక్కొద్దు, అద్దం పగులుతుంది.

జిగురు ఆల్బమ్: ప్లాస్టిక్ పొర ఎత్తి, ఫోటో మూల కింద డెంటల్ ఫ్లాస్ దూర్చి, రంపం లాగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగండి. మొండికేస్తే వదిలేయండి, చింపుకోవద్దు. పొర ఎత్తి ఫోన్‌తో తీసుకోవచ్చు. ఆ పేజీని స్కానర్ మీద బోర్లిస్తే జిగురు అద్దానికి అంటుకుంటుంది. ఫ్రేము అద్దానికే అతుక్కుపోయిన ఫోటోలు కూడా అంతే, పీకితే ముఖాలు అద్దంతోనే వచ్చేస్తాయి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని ఫ్రేముకి సమాంతరంగా పట్టి, కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. దగ్గరగా తీస్తే అంచులు ఉబ్బుతాయి. ఫ్రేము అద్దంలో మీ నీడ, కిటికీ కనపడకుండా ఫోన్ వెనకాల నల్లగుడ్డ అడ్డం కట్టండి.

నెగటివ్‌లు ఆల్ ఇన్ వన్‌లో కుదరవు, మూతలోంచి కూడా వెలుతురు రావాలి. ఎప్సన్ వీ600 లాంటి స్కానర్ ఉన్న స్టూడియోలో 2400 నుంచి 3200 డీపీఐలో చేయించండి. తిరగేసి స్కాన్ చేశారా అన్నది పైట చూస్తే తెలిసిపోతుంది: మామూలు కట్టులో పైట ఎడమ భుజం మీద ఉంటుంది. అందరిదీ కుడి భుజం మీద ఉంటే ఫోటో అద్దంలో చూసినట్టు వచ్చిందన్నమాట.

వాట్సాప్‌లో వచ్చినవి పెద్దగా వేయొద్దు. మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది, పేజీలో అయిదు అంగుళాలకు మించి ఆనదు. అవే ఫోటోల్ని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

అలిపిరి మెట్లు, తిరుపతి

పై అన్న స్కానింగ్ మొత్తం చెప్పేశాడు, నేను పేజీ దగ్గర నుంచి అందుకుంటా.

12×12 పేజీ అంటే 300 డీపీఐలో 3600×3600 పిక్సెళ్లు. ఉచితంగా కావాలంటే నా ఓటు గింప్‌కే, ఫోటోషాప్ లాంటి ప్రోగ్రామే. తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, నెట్ అక్కర్లేదు, 8 జీబీలో నడుస్తుంది. ఒక్కో పూర్తి సైజు లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) సుమారు 39 ఎంబీ మెమరీ తింటుంది కాబట్టి ఒక ఫైలుకి ఒక పేజీ. ఇరవై పేజీలూ ఒకే ఫైల్లో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

నెట్‌లో డిజైన్ చేసుకునే కాన్వా తేలికే, తొందరగా అయిపోతుంది. కానీ అక్కడ ఒక గోతి ఉంది. సైజు అంగుళాల్లో 12×12 అని ఇస్తే, జేపెగ్‌గా దించుకున్నప్పుడు 1152 పిక్సెళ్లే వస్తాయి, ల్యాబ్‌లో మసగ్గా పడుతుంది. కొత్త డిజైన్ తెరిచేటప్పుడే పిక్సెళ్లలో 3600×3600 అని ఇవ్వండి.

గింప్‌లో వరస ఇది. కొత్త ఇమేజ్ 3600×3600, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రిజల్యూషన్ 300. నాలుగు అంచుల నుంచీ 150 పిక్సెళ్ల లోపలికి గైడ్ గీతలు లాగండి. అది అర అంగుళం, ముఖాలు, అక్షరాలు ఆ గీత దాటకూడదు. తర్వాత అడుగున కాగితం లేయర్. దాని మీదికి ఫోటో ఫైళ్లను లాగి వదిలితే ఒక్కోటీ ఒక్కో లేయర్ అవుతుంది. షిఫ్ట్ ఎస్ నొక్కి సైజు మార్చండి, అయితే ఒకేసారి సరిపెట్టుకోవాలి. చిన్నది చేసి, నచ్చక మళ్లీ పెద్దది చేస్తే పోయిన పిక్సెళ్లు తిరిగి రావు. అనుమానం ఉంటే లేయర్ చెరిపేసి అసలు ఫైలునే మళ్లీ లాగండి. కోడిగుడ్డు ఆకారంలో పాతకాలం ఫోటోలా కావాలంటే ఎలిప్స్ సెలెక్ట్ గీసి, లేయర్ మాస్క్ (కొంత భాగాన్ని దాచే ముసుగు) జోడించేటప్పుడు సెలెక్షన్ ఎంచుకోండి. ఫోటోని కత్తిరించకండి.

కాగితం మీద అంటించినట్టు కనిపించేది నీడ వల్లే. ఫిల్టర్స్‌లో లైట్ అండ్ షాడో, అందులో డ్రాప్ షాడో. ఫోటోకి ఎక్స్ (పక్కకి) 10, వై (కిందికి) 10, బ్లర్ 20, ఒపాసిటీ (ఎంత ముదురుగా కనపడాలో) 0.4 దగ్గర మొదలుపెట్టండి. టికెట్టు, శుభలేఖ లాంటి పల్చటి కాగితానికి ఎక్స్, వై 4కి తగ్గించాలి. వెలుతురు ఒకే వైపు నుంచి రావాలి. ఒక ఫోటో నీడ కుడికి, పక్కదాని నీడ ఎడమకి పడితే ఎక్కడ తేడా ఉందో తెలియదు గానీ పేజీ దొంగపేజీలా కనిపిస్తుంది. ఫోటోని ఒరగబెట్టాలంటే ముందు తిప్పి, నీడ తర్వాత వేయండి.

కాగితాలు, పూలు, రిబ్బన్ల కిట్లు నెట్‌లో కొనొద్దు, ఎక్కువ భాగం మన ఇళ్లకి అతకవు. ఇంట్లోనే సరుకు ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డో, అమ్మ పెళ్లి పట్టుచీర అంచో అద్దం మీద పరిచి 300లో స్కాన్ చేసి, ఒపాసిటీ 25 శాతానికి దించండి. అంతకన్నా ముదురైతే డిజైనే కనిపిస్తుంది, మనుషులు కనపడరు. జరీ స్కానర్‌లో నల్లగా వస్తుంది, దాన్ని పగటి వెలుతురులో ఫోన్‌తో తీయడం మేలు. ముగ్గు కావాలంటే తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌తో వేసి, 600లో స్కాన్ చేసి, కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫాకి తెలుపు ఇస్తే గీతలే మిగులుతాయి. పీఎన్‌జీగా దాచుకుంటే ఏ పేజీలోనైనా, ఏ రంగులోనైనా వాడొచ్చు.

దర్శనం టికెట్లు, లడ్డూ టోకెన్లు, బస్సు టికెట్లు ఉంటే అన్నిటికన్నా ముందు అవి స్కాన్ చేయండి. మెషీన్‌లో కొట్టినవి థర్మల్ కాగితం, వేడికీ వెలుతురుకీ అక్షరాలు మాసిపోతాయి. గుర్తింపు కార్డు నంబర్ ఉన్నచోట పువ్వో పటమో కప్పేయండి. గుడి లోపలికి కెమెరా తీసుకెళ్లనివ్వరు కాబట్టి తిరుమల పేజీకి గుండు ఫోటో, ఆ టికెట్టే ఆధారం.

కొర్లగుంట డీటీపీ

అక్కా, తెలుగు గురించి నేను చెప్తా. అను ఫాంట్లు వాడొద్దు. చూడ్డానికి బాగుంటాయి, ప్రెస్సులన్నీ వాటి మీదే నడిచాయి, కానీ అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది. రేపు ఒక్క పేరు దిద్దాలన్నా మళ్లా డీటీపీ షాపుకే రావాల. నాకు గిరాకీ వస్తుందిలే, మీకెందుకు ఆ తిప్పలు.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి చాలు. శీర్షికకి రామభద్ర, కింద రాతకి మండలి లేదా సూరన్న, చేతిరాతలాగా కావాలంటే లక్కిరెడ్డి. పుస్తకం మొత్తానికి రెండు ఫాంట్లు దాటొద్దు. శీర్షిక 40 పాయింట్లు, క్యాప్షన్ 14 పాయింట్లు. గింప్‌లో కొలత పిక్సెళ్లలో ఉంటుంది, పాయింట్లకి మార్చుకోండి. 14 పాయింట్లు అంటే 300 డీపీఐలో సుమారు 58 పిక్సెళ్లు. అది చూసుకోక 14 పిక్సెళ్లు పెడితే ప్రింటులో చీమ తల అంత పడుతుంది.

తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ పెంచాల. లేకుంటే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకి తగులుతుంది. అక్షరాల మధ్య ఖాళీని మాత్రం ముట్టుకోవద్దు. ఏ ఫాంట్ ఎంచుకున్నా ముందు "శ్రీకాళహస్తి, లక్ష్మి, జ్యోత్స్న, కార్త్యాయని" అని కొట్టి చూడండి. ఒత్తు విడిపోయి పక్కన నిలబడితే ఆ ఫాంటో, ఆ సాఫ్ట్‌వేరో పనికిరాదు. ఎవరైనా పాత ఫోటోషాప్‌లో చేసిస్తామంటే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోమనండి, ఒత్తుల గొడవ దాంతో పోతుంది.

స్వర్ణముఖి, తిరుపతి

అందరికీ చాలా థ్యాంక్స్. స్కానింగ్ మొదలుపెట్టినా. రెండు చోట్ల ఆగింది. కొన్ని ఫోటోల మీద తేనెపట్టు లాగా చుక్కలు చుక్కలుగా వస్తా ఉండాయి, కంటికి చూస్తే అంత లేదు. ఇంకొన్ని కలర్ ఫోటోలు మొత్తం ఎర్రగా మారిపోయినాయి. ఏఐ యాప్‌లో వేస్తే బాగవుతుందని తమ్ముడంటాడు. వేయచ్చా?

మామిడితోట, చిత్తూరు

ఆ చుక్కలు కాగితానివే. అప్పట్లో వేలిముద్రలు పడకుండా గరుకు కాగితం మీద ప్రింట్ వేసేవాళ్లు. స్కానర్ దీపం ఒకవైపు నుంచే పడుతుంది కాబట్టి ఒక్కో గుంటకీ నీడ వస్తుంది. రెండు దారులున్నాయి. ఒకటి, ఫోటోని ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేసి, రెండోదాన్ని 180 డిగ్రీలు తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా పేర్చి ఒపాసిటీ 50 చేయడం. నీడలు ఎదురెదురుగా పడి చాలామటుకు కొట్టుకుపోతాయి. పేర్చడంలో ఒక్క పిక్సెల్ తేడా ఉన్నా మసక వస్తుంది, ఓపిక కావాలి. రెండోది నా దృష్టిలో మేలు: ఫోటోని బల్ల మీద పరిచి, రెండు పక్కల నుంచీ ఒకే రకం దీపాలు 45 డిగ్రీల వాలులో పెట్టి ఫోన్‌తో తీయడం. ట్యూబ్‌లైటు, పసుపు బల్బు కలపొద్దు.

ఎర్రగా మారడానికి కారణం ప్రింటులోని నీలి ఆకుపచ్చ రంగు ముందే వెలిసిపోవడం. గింప్‌లో కలర్స్, ఆటో, వైట్ బ్యాలెన్స్ ఒకసారి నొక్కి చూడండి, సగం ఫోటోలకి అదే సరిపోతుంది. మిగతావాటికి లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లను విడివిడిగా తీసుకుని, గ్రాఫులో కొండ మొదలయ్యే చోటికి, ముగిసే చోటికి చివరి త్రికోణాలను జరపండి. తెల్లచొక్కానో పంచెనో చూస్తూ సరిచేయండి, ముఖం చూసి కాదు. ముఖం చూసి చేస్తే అందరూ తెల్లగా తేలతారు.

ఏఐ యాప్: దుమ్ము, గీతలు తీయడానికి సరే. ముఖం స్పష్టం చేసే ఆప్షన్ మాత్రం వద్దు. మసకగా ఉన్న చిన్న ముఖంలో వివరం లేదు, యాప్ దాన్ని ఊహించి గీస్తుంది. పళ్లు, కళ్లు, ముక్కు ఇంకెవరివో వస్తాయి. అవ్వని చూసినవాళ్లు పేజీ తిప్పగానే "ఇదెవరు" అంటారు. పాత ఫోటో మసకగా ఉంటే చిన్న సైజులో పెట్టండి, కంటికి స్పష్టంగానే ఉంటుంది.

గంగజాతర వేషం

క్యాప్షన్ల గురించి ఎవరూ చెప్పలేదు. సగం పుస్తకం అదే కదా.

తేదీ తెలియని ఫోటోలో ముందు బండి నంబర్ ప్లేటు చూడండి. ఏపీ 03 అని ఉంటే ఆ ఫోటో 1989కి ముందుది కాదు, ఆ తరహా నంబర్లు కొత్త మోటారు వాహనాల చట్టంతో అప్పుడే వచ్చాయి. ఏపీ 39 ఉంటే 2019 నుంచి ఇటు. మూలన నారింజరంగు అంకెల్లో పడిన తేదీని గుడ్డిగా నమ్మొద్దు, కెమెరాలో బ్యాటరీ మార్చాక తేదీ సరిచేయనివాళ్లే ఎక్కువ. వెనక స్టూడియో ముద్ర ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి. సంవత్సరం తేలకపోతే "1985 ప్రాంతం" అని రాయండి, ఊహించి తేదీ వేయొద్దు.

పాత ఫోటో కింద తిరుపతి జిల్లా అని రాయకండి. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి అన్నీ చిత్తూరు జిల్లానే. నాయుడుపేట, సూళ్లూరుపేట చుట్టాల ఫోటోలైతే అప్పటికి నెల్లూరు జిల్లా.

తిరుపతి గంగజాతర ఫోటోలుంటే వరస పెట్టడం సులువు. వేషాలు రోజుకొకటి: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఈ క్రమంలోనే వస్తాయి. చీర కట్టిన మనిషిని చూసి తొందరపడి మేనత్త పేరు రాసేరు, మొక్కుబడికి ఆడవేషం కట్టిన చిన్నాయన కావచ్చు.

క్యాప్షన్‌లో ఫోటోలో కనిపించేదే మళ్లీ రాయకండి. "అమ్మ, నాన్న, కాణిపాకంలో" అన్నది చాలదు. ఎవరి పెళ్లికి పోతా ఆగినారో, ఫోటో తీసింది ఎవరో, ఆ పక్కన సగం పడిన చెయ్యి ఎవరిదో పెద్దవాళ్లకే తెలుసు. వరసలో నిలబడినవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి రాయండి, పేరుతో పాటు వరస కూడా. ఒకే ఇంట్లో ఇద్దరు వెంకటేశులు ఉండటం మనకి మామూలే.

అలిపిరి మెట్లు, తిరుపతి

ఇక ప్రింటు. 12×12 ఆల్బమ్‌ని ల్యాబ్‌లో ఎక్కువగా 12×24 షీటుగా వేసి మధ్యలో మడుస్తారు. 20 పేజీలంటే 10 షీట్లు. రెండు పేజీలు పక్కపక్కన చేర్చి 7200×3600 ఫైలు చేయాలి. మడత రెండు వైపులా అర అంగుళం ఖాళీ వదలండి, గ్రూపు ఫోటోలో ఎవరి ముఖమూ మడతలోకి పోకూడదు. కొన్ని ల్యాబ్‌లు 12×30, 12×36 షీట్లే వేస్తాయి, అందుకని పేజీలు మొదలుపెట్టకముందే ఫోన్ చేసి షీటు సైజు, అంచు కోత ఎంత, కనీసం ఎన్ని షీట్లు అన్నది కనుక్కోండి. అంతా అయ్యాక సైజు మారిస్తే ఇరవై పేజీలూ తిరగరాయాలి.

ఫైలు జేపెగ్, క్వాలిటీ 95, కలర్ ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్లు వాడే మామూలు రంగుల పద్ధతి). ఎవరో చెప్పారని సీఎంవైకేకి (ప్రెస్సుల నాలుగు సిరాల పద్ధతి) మార్చొద్దు, ఫోటో ల్యాబ్ మెషీన్‌కి అది అక్కర్లేదు, రంగులు చచ్చిపోతాయి. ఆర్డర్ మీద "కలర్ కరెక్షన్ వద్దు" అని రాయించండి. లేకపోతే లేత రంగు కాగితం ఉన్న పేజీని మెషీన్ ఎక్కువ వెలుతురు అనుకుని నల్లబరుస్తుంది, పేజీకో రంగు వస్తుంది. ల్యాప్‌టాప్ వెలుతురు ఫుల్‌లో పెట్టి చేస్తే ప్రింటు ముదురుగా పడుతుంది, సగానికి దించి చేయండి. ముందు ఒక్క పేజీని 12×18 మీద వేయించి పగటి వెలుతురులో చూడండి. మ్యాట్ ఫినిష్ తీసుకోండి, మెరిసేదాని మీద వేలిముద్రలు పడతాయి.

స్వర్ణముఖి, తిరుపతి

ల్యాబ్‌కి ఫోన్ చేసినా, 12×24 వేస్తారంట. చివరిగా ఒకటి. ఫైళ్లు ఎట్ట దాచుకోవాల? ఇప్పటికే "కొత్త", "కొత్త2", "ఫైనల్", "ఫైనల్ నిజం" అని తయారైనాయి.

మామిడితోట, చిత్తూరు

మూడు ఫోల్డర్లు చేయండి: అసలు స్కాన్లు, పేజీలు, ప్రింటు. అసలు స్కాన్ల మీద ఏ మార్పూ చేయొద్దు, కాపీ తీసుకుని దిద్దండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత నోట్‌బుక్‌లో వేసిన నంబర్: 1984_తిరుమల_037. పేజీలు గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో, లేయర్లతో. జేపెగ్ ఒక్కటే ఉంచుకుంటే తప్పుపడిన పేరు ఇక దిద్దలేరు. ప్రింటు ఫైళ్లకి 01, 02 అని సున్నాతో పేర్లు పెట్టండి, ఉత్త 1, 2 పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకటి పక్కన పది వచ్చి ఆల్బమ్ వరస తప్పుతుంది.

కాపీలు మూడు: ల్యాప్‌టాప్‌లో, బయటి హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్ కూడా కలిసే ఉంటుంది కాబట్టి టిఫ్‌లన్నీ పట్టవు, ఏరినవి మాత్రం ఎక్కించండి. గూగుల్ ఫోటోస్‌లో పెడితే స్టోరేజ్ సేవర్ కాకుండా ఒరిజినల్ క్వాలిటీ ఎంచుకోండి. స్కాన్ చేసిన ఫోటోలన్నీ అక్కడ ఈ ఏడాది తేదీ కింద పడతాయి, డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అన్నీ ఒకేసారి ఎంచుకుని అసలు తేదీ వేసి, ఆ తర్వాత ఎక్కించండి.